బయట బిగబట్టి, లోపలికి వచ్చి పోసే కుక్కపిల్ల

పిరికి కుక్కపిల్లను తెచ్చుకున్న ఇళ్ళలో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది. అరగంట సేపు కింద నిలబడినా ఒక్క చుక్క పోయదు. మెట్లెక్కి ఇంటికి వచ్చి, తలుపు వేసీ వేయకముందే హాలు మధ్యలో చేరి తాపీగా పని కానిచ్చుకుంటుంది. చూసేవాళ్ళకు ఇది మొండితనంగా, ఒక్కోసారి కక్షగా కూడా తోస్తుంది. విజయవాడలో మేముండే అపార్ట్‌మెంటులో, ఉగాదికి కాస్త ముందు మా ఇంటికి చేరిన జున్ను అనే వీధికుక్క పిల్లతో ఈ వేసవంతా గడిపాక నాకు ఏర్పడిన అభిప్రాయం వేరు. బెదురు గల పిల్లకు మలమూత్రాల అలవాటు నేర్పేటప్పుడు శుభ్రత సంగతి తరువాత చూసుకోవచ్చు. ముందు దానికి బయటి భయం తీరాలి. అది తీరినంత మేరకు మిగిలిన అలవాటు పెద్ద శ్రమ లేకుండానే కుదురుకుంటుంది.

కారణం దాని ఒంట్లోనే ఉంది. మూత్రాశయం ఖాళీ కావాలంటే శరీరం కుదుటపడాలి. ముప్పు ఉందని మెదడుకు తోచినప్పుడు అడ్రినలిన్ విడుదలై, గుండె వేగంగా కొట్టుకుని, మూత్రాశయపు గోడలోని కండరం వదులై, దాని మూతి దగ్గరి కండరం బిగుసుకుంటుంది. పారిపోవలసిన ప్రాణి మధ్యలో ఆగి పోసుకుంటూ నిలబడకుండా ప్రకృతి చేసిన ఏర్పాటు అది. మోటారుసైకిళ్ళు, హారన్లు, కొత్త మనుషుల కాళ్ళు, పక్క వీధి కుక్కల అరుపులు ఉన్న చోట నిలబెట్టిన పిల్ల ఒళ్ళంతా చెవులు చేసుకుని ఉంటుంది కాబట్టి, ఎంత నిండుగా ఉన్నా దానికి రాదు. ఇంటికి వచ్చి, తనకు తెలిసిన వాసనల మధ్య ఊపిరి పీల్చుకోగానే ఆ బిగువు సడలి, అప్పటిదాకా ఆగినదంతా ఒక్కసారిగా వస్తుంది. దానికి భయం లేని చోటు మన హాలు ఒక్కటే కావడం మన ఖర్మ, అంతే.

జున్ను పుట్టింది మా అపార్ట్‌మెంటు వెనక, ట్రాన్స్‌ఫార్మరు కంచెకూ ప్రహరీగోడకూ మధ్య ఉన్న ఇరుకు సందులో. కార్తీకంలో జతకట్టిన వీధికుక్కలు సుమారు 63 రోజులు మోసి పుష్య మాఘాల్లో ఈనుతాయి కాబట్టి, ఉగాది నాటికి మన ఊళ్ళలో ఏ సందులో చూసినా రెండు నెలల పిల్లలు కనబడతాయి. తల్లి ఏదో బండి కింద పడి పోయాక, పిల్లలను తలా ఒకరు తీసుకున్నారు; ఎవరు వంగినా కాలువ గొట్టంలోకి దూరిపోయే పిల్ల ఆఖరికి మా వంతుకు వచ్చింది. వచ్చిన కొత్తలో దాని నివాసం సోఫా కింద. కుక్కరు విజిల్ వేస్తే చెవులు తలకు అతికించుకుని, తోకను పొట్ట కిందికి లాక్కుని, గోడవైపు తిరిగి కూర్చునేది. మిక్సీ మొదలైతే కూర్చున్న చోటే గచ్చు మీద రూపాయి బిళ్ళంత తడి కనబడేది.

ఆ రూపాయి బిళ్ళంత తడినీ, హాలు మధ్యలోని మడుగునూ ఒకే ఖాతాలో వేయకూడదు. రెండింటికీ మూలం భయమే అయినా అవి పనిచేసే తీరు పూర్తిగా వేరు. మా తమ్ముడు ఆఫీసు నుంచి రాగానే గుమ్మంలో నిలబడి పెద్ద గొంతుతో దాని పేరు పిలిచి, మీదికి వంగి తల మీద చెయ్యి వేయబోయేవాడు. అది వెల్లకిలా పడి, చూపు పక్కకు తిప్పుకుని, మూతి నాక్కుంటూ తన పొట్ట మీద తానే తడుపుకునేది. వాడు విసుగుతో కేకేసేవాడు, ఆ కేకకు అది ఇంకాస్త తడిపేది. "అరిస్తే ఏం లాభంరా, నీ గొంతు వినే కదా అది తడుపుతోంది" అని అమ్మ వంటింట్లోంచి అన్న మాట అక్షరాలా నిజం. పెద్ద కుక్క ఎదురుపడినప్పుడు, తాను చిన్నదాన్నని, తన వల్ల ఏ పోటీ లేదని పిల్ల విన్నవించుకునే పద్ధతి అది. అలవాటుతో గానీ క్రమశిక్షణతో గానీ దానికి సంబంధం లేదు. దీనికి విరుగుడు మనం మారడమే. ఇంట్లోకి వచ్చినవాళ్ళు దాని వైపు చూడకుండా, చెప్పులు విప్పి, కాస్త దూరంగా, దానికి పక్కగా తిరిగి నేల మీద కూర్చోవాలి. అదే దగ్గరికి వచ్చి వాసన చూసేదాకా ఆగి, తల మీద కాకుండా గడ్డం కిందో రొమ్ము మీదో మెల్లగా నిమరాలి. ఎదిగేకొద్దీ, ఏడాది వయసు వచ్చేసరికి చాలా కుక్కల్లో ఇది తగ్గిపోతుంది, మధ్యలో మనం కేకలు వేసి పెంచకపోతే.

కేకల సంగతి వచ్చింది కాబట్టి, మన వైపు ఇప్పటికీ చలామణిలో ఉన్న ఒక సలహా గురించి చెప్పాలి. పోసిన చోటికి మెడ పట్టి లాక్కెళ్ళి, ముక్కు అందులో రాసి, రెండు తగిలిస్తే ఇక జన్మలో పోయదంటారు. ఇది క్రూరమైన పని అన్న మాట అలా ఉంచినా, అసలు పనిచేయని పని. తాను చేసినదానికీ తరువాత తనకు జరిగినదానికీ కుక్క ముడి వేసుకోగలిగేది క్షణాల వ్యవధిలోనే. పది నిమిషాల తరువాత పడిన దెబ్బకు దాని దృష్టిలో కారణం మడుగు కాదు, మనిషి. కాబట్టి అది నేర్చుకునే పాఠం ఏమిటంటే, మనుషులు చూస్తుండగా పోయకూడదని. ఆ పాఠం వంటబట్టిన పిల్ల తెర వెనకకో, మంచం కిందికో వెళ్ళి పని కానిస్తుంది. గొలుసు పట్టుకుని మనం బయటికి తీసుకువెళితే, రెండడుగుల దూరంలో మనం నిలబడి ఉన్నాం గనుక అక్కడ అసలు పోయదు. ధైర్యం గల పిల్లలు కొన్ని ఈ మొరటు పద్ధతిని తట్టుకుని ఎలాగో నేర్చుకుంటాయి కాబట్టి ఆ సలహా ఇంకా బతికి ఉంది. పిరికి పిల్ల విషయంలో మాత్రం అది తలుపులు మూసేస్తుంది.

నిజానికి పడుకునే చోటును శుభ్రంగా ఉంచుకోవాలన్న బుద్ధి కుక్కకు పుట్టుకతోనే ఉంటుంది. మొదటి రెండు మూడు వారాల్లో పిల్లలు తమంతట తాము విసర్జించలేవు. తల్లి నాకితేనే వస్తుంది, దాన్ని తల్లే శుభ్రం చేస్తుంది. నడక రాగానే, దాదాపు మూడో వారం నుంచి, అవి పడకకు దూరంగా జరిగి పోయడం మొదలుపెడతాయి. రెండు నెలలు దాటేసరికి కాళ్ళ కింద ఏ రకం నేల ఉంటే పోయాలన్న ఇష్టం కూడా ఏర్పడిపోతుంది. ఇరుకు బోనుల్లో పెరిగిన కొన్ని ఖరీదైన జాతి పిల్లలకు ఈ బుద్ధి చెడిపోయి ఉంటుంది గానీ, సందులో మట్టి మీద పుట్టి పెరిగిన జున్నుకు మట్టి అంటే ఏమిటో తెలుసు. మా మూడో అంతస్తులో దానికి దొరకనిది ఆ మట్టే. దొరికినవాటిలో మెత్తగా, పీల్చుకునేలా ఉన్నవి కాళ్ళు తుడుచుకునే పట్టాలు కాబట్టి అది ముందుగా వాటిని ఎంచుకుంది. ఇంట్లోని పట్టాలన్నీ చుట్టి అటక ఎక్కించడం చిన్న పనే అయినా, సగం సమస్య దానితోనే తీరుతుంది. వార్తాపత్రికలు పరిచే పద్ధతి నాకు నచ్చదు. కాగితం మీద పోయడం నేర్చిన పిల్లకు, నేల మీద కూర్చుని అమ్మ చదువుకునే ఆదివారం అనుబంధానికీ దాని కోసం పరిచిన పాత పేపరుకూ తేడా తెలియదు.

అలాగని రెండు నెలల పిల్లను వీధి మట్టిలో దింపడానికీ వీలు లేదు. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో అనే వైరస్, జబ్బు చేసిన కుక్క మలం ద్వారా నేలలో చేరి నెలల తరబడి బతికి ఉంటుంది. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున దాదాపు 16 వారాల దాకా సాగుతాయి, రేబిస్ టీకా మూడు నెలలు నిండాక వేస్తారు. మరోవైపు, అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి కుక్కపిల్లలను పరిశీలించి 1965లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, లోకానికి అలవాటు పడే కిటికీ మూడో వారం నుంచి సుమారు 12వ వారం వరకే బాగా తెరిచి ఉంటుంది. టీకాలు పూర్తయ్యేదాకా గదిలో దాచిన పిరికి పిల్ల, టీకాలు పూర్తయ్యాక వీధిని చూసి మరింత బెదురుతుంది. మేము ఈ చిక్కును రెండుగా విడదీశాము. వీధిని చూపించడానికి చంకలో ఎత్తుకుని సాయంత్రం పూట గేటు దగ్గర నిలబడేవాళ్ళం, నేల మీద దించేవాళ్ళం కాదు. పోయించడానికి డాబా మీద, నీళ్ళ ట్యాంకు నీడలో, వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిలో నర్సరీ నుంచి తెచ్చిన మట్టి నింపి, పైన లాన్ గడ్డి పరిచాము. విజయవాడ వేసవిలో డాబా పలక పగటిపూట పాదాలు బొబ్బలెక్కేంత కాలుతుంది. ఆ వేడిలో దించిన పిల్లకు డాబా అంటేనే భయం పట్టుకుంటుంది గనుక, తొట్టి దాకా ఎత్తుకుని వెళ్ళి, తొట్టిలోనే దించి, తొట్టిలోంచే ఎత్తుకుని వచ్చేవాళ్ళం.

ఎప్పుడు తీసుకువెళ్ళాలన్న దానికి లెక్క ఉంది. వయసు ఎన్ని నెలలో అన్ని గంటలు, దానికి మరొకటి కలిపితే పిల్ల ఆపుకోగల గరిష్ఠ వ్యవధి వస్తుందంటారు. అది నిద్రలో ఉన్నప్పటి లెక్క. మెలకువగా తిరుగుతున్న రెండు నెలల పిల్లను అరగంటకో ముప్పావుగంటకో ఒకసారి తీసుకువెళ్ళక తప్పదు. నిద్ర లేవగానే, తిన్న పావుగంట నుంచి అరగంట లోపు, ఆట మధ్యలో తప్పనిసరిగా వస్తుంది. కడుపులో అన్నం పడగానే పెద్దపేగు కదలడం మనుషుల్లోనూ ఉన్నదే కాబట్టి భోజనం వేళలు కచ్చితంగా ఉంటే మలం వేళలూ కచ్చితంగా ఉంటాయి. మిగిలినది చూసి తెలుసుకోవాలి. జున్ను సంగతైతే, ఆడుతున్న బంతిని ఉన్నట్టుండి వదిలేసి, ముక్కు నేలకు ఆనించి, సోఫా వెనక ఉన్న మూల వైపు వంకర టింకరగా నడిచి, ఒకసారి వెనక్కి తిరిగి చూసేది. ఆ వెనక్కి చూపుకూ కాళ్ళు వంచడానికీ మధ్య మనకుండే సమయం ఒక గుటక కాఫీ మింగేంత. అప్పుడు కూడా అరవకుండా, పరుగెత్తకుండా వెళ్ళి ఎత్తుకోవాలి. మీదికి ఉరికితే ఎత్తుకున్న చేతుల్లోనే పోస్తుంది.

టీకాలు పూర్తయి కిందికి దించే రోజు వచ్చేసరికి ఊళ్ళో పరిస్థితి ఏ పిరికి ప్రాణికీ అనుకూలంగా లేదు. శ్రీరామనవమి పందిట్లో మైకుసెట్టు మోతకు డాబా మీదే బెదిరిన పిల్ల అది. ఆ తరువాత వైశాఖపు పెళ్ళి ఊరేగింపులు, బ్యాండుమేళం, టపాకాయలు. అందుకని తెల్లవారుజామున, పాల ప్యాకెట్ల బండి ఇంకా రాకముందు, అపార్ట్‌మెంటు వెనక వేపచెట్టు కింద ఒకే చోటుకు తీసుకువెళ్ళడం మొదలుపెట్టాము. రోజుకో కొత్త చోటు చూపించడం సరదాగా ఉంటుంది గానీ, పోయడానికి మాత్రం పాత చోటే కావాలి. మెడపట్టీ బదులు ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ వాడితే, బెదిరి వెనక్కి గుంజుకున్నా గొంతు నొక్కుకోదు, తల తప్పించుకుని పారిపోదు. డాబా తొట్టిలోంచి దాని మూత్రం తగిలిన గడ్డి పెళ్ళ ఒకటి తెచ్చి చెట్టు కింద పెట్టాము. తన వాసన ఉన్న చోటును కుక్క కొంత సొంతంగా భావిస్తుంది. తరువాత మనం చేయవలసినదల్లా ఏమీ చేయకుండా నిలబడడం. పోసుకో పోసుకో అని బతిమాలడం, దాని ముఖంలోకి చూడడం, ఫోను మాట్లాడడం, అన్నీ దాని ధ్యాసను చెదరగొడతాయి. మొదటి అంతస్తులో ఉండే పెద్దాయన దగ్గర ఒక ముసలి కుక్క ఉంది. దేనికీ తల తిప్పని ఆ ప్రాణిని పక్కన నడిపిస్తే, నా ఓపిక చేయలేనిది దాని నిర్లక్ష్యం చేసింది. అది వాసన చూసి కాలెత్తిన చోట జున్ను కూడా వాసన చూసి, కాసేపు ఆలోచించి, కూర్చుంది.

పోయడం పూర్తయిన మరుక్షణం ఉడికించిన కోడిమాంసం తునక ఇవ్వాలి. మధ్యలో ఇస్తే సగంలో లేచి చెయ్యి వాసన చూస్తుంది. ఇక్కడ మామూలు సలహాకు విరుద్ధమైన సంగతి ఒకటి ఉంది. పోయగానే ఇంటికి తీసుకువస్తే షికారు ముగిసిపోతుందని భయపడి కుక్క ఆపుకోవడం నేర్చుకుంటుందని, అందుకని పోశాక కాసేపు ఆడించమని చెబుతారు. బయట తిరగడం ఇష్టమైన కుక్కకు అది నిజం. బయటంటేనే గుండె దడ పుట్టే పిల్లకు ఇంటికి రావడం కంటే పెద్ద బహుమానం లేదు; పోయగానే వెనక్కి తిరిగితే, త్వరగా పోస్తే త్వరగా ఇంటికి పోవచ్చని అదే గ్రహిస్తుంది. పది నిమిషాలు నిలబడినా పోయకపోతే తీసుకువచ్చేయాలి, అయితే హాల్లో వదలకూడదు. ఒళ్ళో పెట్టుకుని, పావుగంట ఆగి, మళ్ళీ దిగాలి. మోకాళ్ళ నొప్పులున్న ఇంట ఇది శిక్షే, లిఫ్టు శబ్దానికి వణికే పిల్ల అయితే మరీను.

తిండి విషయం చిన్నదిగా కనబడుతుంది గానీ కాదు. మన ఇళ్ళలో కుక్కపిల్ల అనగానే గిన్నెలో పాలు పోస్తారు. తల్లిపాలు మానిన పిల్లల్లో పాలచక్కెరను అరిగించే శక్తి తగ్గిపోతుంది, పైగా గేదెపాలలో కొవ్వు ఎక్కువ. విరేచనాలు పట్టుకున్న పిల్లకు ఏ వేళాపాళా నేర్పలేము. పాలు మాని, పలచగా కాకుండా పెరుగన్నం, ఉడికించిన గుడ్డు, చికెన్ పెట్టాక జున్ను మలం గట్టిపడింది. వీధిలో పుట్టిన పిల్లలకు నులిపురుగులు దాదాపు ఉన్నట్టే లెక్క కాబట్టి పశువైద్యుడి చేత పురుగుల మందు వేయించడం మొదటి వారంలోనే జరగాలి. మాటిమాటికీ కొద్దికొద్దిగా పోయడం, ముక్కడం, ఎరుపు కనబడడం ఉంటే అది మూత్రనాళపు ఇన్ఫెక్షన్ కావచ్చు. శిక్షణ పక్కన పెట్టి ఆస్పత్రికి వెళ్ళాలి. రాత్రి పోస్తుందని పగలు నీళ్ళు తగ్గించే ఇళ్ళు చూశాను. 40 డిగ్రీలు దాటే ఊళ్ళో ఆ పని మాత్రం ఎవరూ చేయవద్దు.

శుభ్రం చేయడంలో మా ఇంట పెద్ద చర్చే నడిచింది. మా ఇంట్లో పనిచేసే ఆవిడకు ఫినాయిలు వాసన వస్తేనే గది శుభ్రమైనట్టు. "అమ్మా, ఉత్త నీళ్ళతో తుడిస్తే మైల పోద్దా?" అని ఆవిడ అడిగిన ప్రశ్న న్యాయమైనదే, ఉత్త నీళ్ళతో పోదు. ఫినాయిలుతో మన ముక్కుకు పోతుంది గానీ కుక్క ముక్కుకు పోదు, పైగా నల్ల ఫినాయిల్లోని రసాయనాలు పాదాలు నాక్కునే పిల్లకు హాని చేస్తాయి. అమోనియా ఉన్న ద్రవాలైతే మూత్రం వాసనను తుడిచే బదులు గుర్తుచేస్తాయి. పాత మొజాయిక్ గచ్చుల్లో, బండల సందుల్లో తడి లోపలికి ఇంకుతుంది కాబట్టి ముందు పాత గుడ్డతో అద్ది పీల్చి, పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే ఎంజైముల ద్రవం పోసి, వెంటనే తుడవకుండా కాసేపు వదిలేయాలి. వాసన మిగిలిన చోటు మళ్ళీ పిలుస్తుంది. దేవుడి గది గడప దగ్గర చిన్న చెక్క అడ్డం పెట్టించాము, అమ్మ మడి గురించి ఆ తరువాత ఎవరూ మాట్లాడలేదు.

రాత్రిళ్ళ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఒంటరిగా బాల్కనీలో కట్టేసిన పిల్ల ఏడుస్తుంది, ఏడ్చి పోస్తుంది, పోసినదాంట్లోనే పడుకోవడం నేర్చుకుంటుంది. మంచం పక్కన అట్టపెట్టెలో పడుకోబెడితే, కదిలినప్పుడు మనకు మెలకువ వస్తుంది. దీపం వేయకుండా, మాట్లాడకుండా డాబా దాకా వెళ్ళి రావాలి. నాలుగు నెలలు నిండాక జున్ను తెల్లవారేదాకా లేవడం మానేసింది.

అపార్ట్‌మెంటు సంఘం నుంచి ఒక అభ్యంతరం వచ్చింది, అది న్యాయంగానే తీరింది. పెంపుడు కుక్కలను నివాసుల సంఘాలు నిషేధించకూడదని, లిఫ్టు వాడకాన్ని అడ్డుకోకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. ఆ కాగితం చూపించడం కంటే, వేపచెట్టు కింద మలాన్ని సంచిలో ఎత్తుతూ వాచ్‌మన్ కంటబడడం నాకు ఎక్కువగా ఉపకరించింది.

ఇప్పుడు వానలు మొదలయ్యాయి. మామూలు జల్లులో జున్ను గొడుగు కింద నాతోపాటు దిగి, తడి గడ్డి మీద పాదాలు విదిలించుకుంటూనైనా పని ముగించుకుని వస్తుంది. ఉరుము ఉరిమితే మాత్రం మెట్ల దగ్గరే ఆగిపోతుంది. అలాంటి రోజుల్లో తనే స్నానాలగదిలోకి వెళ్ళి, నీళ్ళు పోయే జాలీ పక్కన కూర్చుంటుంది, ఎవరూ నేర్పలేదు. దాన్ని మాన్పించాలని తమ్ముడు అంటాడు గానీ, చెంబుడు నీళ్ళతో పోయేదానికి మళ్ళీ ఒక భయం తగిలించడం నాకు ఇష్టం లేదు. దీపావళికి డాబా తొట్టిని కిందికి దింపి ఆ గదిలోనే పెట్టాలని, ఆ రోజు టపాకాయలు మొదలుకాకముందే, నాలుగు గంటలకల్లా వేపచెట్టు దగ్గరికి తీసుకువెళ్ళి రావాలని అనుకుంటున్నాము.